మన నీళ్ళ లెక్క మనమే రాద్దాం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు అందినప్పుడు ముందుగా ఒక కవిత రాద్దామనుకున్నాను. రెండు రోజులు కూర్చున్నా నాలుగు పాదాలు కుదరలేదు. నాకు తెలిసిన విషయం ఒకటి వివరంగా చెబితే తమ్ముళ్ళకు అంతకన్నా పనికివస్తుందని ఈ వ్యాసం మొదలుపెట్టాను.

ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు నేను ఈ హాస్టల్లోనే ఉన్నాను. ట్రంకుపెట్టె, పళ్ళెం, గ్లాసు పట్టుకుని మా నాయన వెంట ఈ గేటు దాటి వచ్చిన రోజు ఇప్పటికీ గుర్తుంది. ఇప్పుడు ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి నేనే. "పర్యావరణ శాస్త్రం అంటే ఏం ఉద్యోగం వస్తుంది?" అని ఊళ్ళో అందరూ అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇంకా సరైన జవాబు లేదు. కానీ ఆ చదువు మన ఊళ్ళకు ఎలా ఉపయోగపడుతుందో మాత్రం చెప్పగలను.

మూడు బోర్ల కథ

మాది బొల్లాపల్లి వైపు ఒక మెట్ట ఊరు. పల్నాడు అనగానే బయటివాళ్ళకు నాగార్జునసాగర్ కుడికాలువ, మాగాణి, మిర్చి గుర్తుకొస్తాయి. కాలువ నీళ్ళు అందని ఊళ్ళు మన దగ్గర ఎన్ని ఉన్నాయో మనకే తెలుసు. మాకున్నది రెండెకరాలు. అందులో మా నాయన మూడు బోర్లు వేయించాడు.

మొదటి బోరు రెండేళ్ళు పోసి ఎండిపోయింది. రెండోది వేసేటప్పుడు పాయింటు చూసే ఆయన వచ్చి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. కాయ నిలబడిన చోట కర్ర పాతాడు. అక్కడ వేస్తే తెల్లటి దుమ్ము తప్ప చుక్క రాలేదు. మూడోది నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అప్పు చేసి వేయించాడు. ఈసారి నీళ్ళు పడ్డాయి. ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నాం. మరుసటి ఏడాది పక్క చేను ఆయన ఇంకా లోతుకు బోరు దించాడు. మా బోరు బుస్సుమని గాలి పోసింది. ఆయన్ను తప్పు పట్టలేం, ఆయన బోరు కూడా అప్పటికే ఎండిపోయింది మరి. ఆ అప్పు తీర్చడానికి అమ్మా నాయనా మిర్చి కోతలకు ఊళ్ళు పట్టుకుని తిరిగారు. మా అక్క చదువు ఇంటర్‌తో ఆగిపోయింది.

తర్వాత చదువుకుంటూ నేను ఆలోచించిన విషయం ఒక్కటే. మా ఊళ్ళో వందల బోర్లున్నాయి. ఎవరి అప్పు ఎంతో ఊరందరికీ తెలుసు. కానీ భూమిలో నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో, ఏడాదికి ఎంత దిగిపోతున్నాయో ఒక్కరి దగ్గరా రాసిపెట్టిన లెక్క లేదు. భూగర్భ జల శాఖకు పరిశీలన బోర్లు ఉన్నాయి గానీ అవి ప్రతి ఊరికీ ఉండవు. లెక్క లేని చోట కొబ్బరికాయే దిక్కవుతుంది.

పౌర విజ్ఞానం అంటే ఏమిటి?

శాస్త్రవేత్తలు కాని మామూలు ప్రజలు ఒక పద్ధతి ప్రకారం ప్రకృతిని గమనించి, కొలిచి, రాసి, ఆ వివరాలను అందరికీ అందుబాటులో ఉంచడాన్ని పౌర విజ్ఞానం అంటారు. దానికి డిగ్రీ అక్కరలేదు, జీతమూ ఉండదు. ఓపిక, నిజాయితీ ఉంటే చాలు.

ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలో క్రిస్మస్ రోజుల్లో పక్షులను వేటాడే అలవాటు ఉండేది. 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు "చంపవద్దు, లెక్కపెడదాం" అని పిలుపునిచ్చాడు. అప్పుడు మొదలైన లెక్క ఇప్పటికీ ఏటా జరుగుతోంది. అదే దేశంలో 1997 జులైలో ఫోర్ట్ కాలిన్స్ అనే ఊళ్ళో వరద వచ్చి ఐదుగురు చనిపోయారు. ఊరికి ఒక పక్క కుండపోత కురిస్తే, కొద్ది మైళ్ళ దూరంలో వాన చాలా తక్కువగా పడింది. ఒకటి రెండు వాన కొలతల కేంద్రాలు ఉంటే ఇలాంటి వాన చిక్కదని అక్కడివాళ్ళు గ్రహించారు. 1998 నుంచి ఇంటింటా వర్షమాపకాలు పెట్టుకుని రోజూ కొలిచి పంపడం మొదలుపెట్టారు. కోకోరాస్ అనే ఆ బృందంలో ఇప్పుడు వేలమంది ఉన్నారు.

ఇదంతా మనకు తెలియనిదా? మన పెద్దలు వానను కార్తెతో, పదునుతో లెక్కగట్టారు. "మృగశిరలో దుక్కి పదును పడింది", "ఆరుద్రలో విత్తనం పదును అయింది" అనే మాటలు మన ఇళ్ళలో రోజూ వింటాం. మట్టిని పిడికిట పట్టి చూసి తడి ఎంత లోతుకు దిగిందో చెప్పే మనుషులు మన ఊళ్ళో ఇంకా ఉన్నారు. గమనించడం మనకు వచ్చు. మనకు లేనిదల్లా ఒకే చోట, ఒకే సమయానికి, ఒకే కొలమానంతో కొలిచి కాగితం మీద రాసిపెట్టే అలవాటు. రాయకపోతే అది తాత జ్ఞాపకంగా ఉండి తాతతోనే పోతుంది. రాస్తే మనవడికి సాక్ష్యంగా మిగులుతుంది.

పక్క జిల్లాల రైతులు చేసి చూపించారు

ఈ పని మన తెలుగు రైతులే చాలా పెద్ద ఎత్తున చేశారని నాకు పీజీకి వచ్చాక గానీ తెలియలేదు. 2003 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో "రైతుల యాజమాన్యంలో భూగర్భ జల వ్యవస్థలు" అనే పథకం మొదలైంది. నెదర్లాండ్స్ ప్రభుత్వం డబ్బు సాయం చేసింది. ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ సాంకేతికంగా తోడు నిలిచింది. స్థానిక స్వచ్ఛంద సంస్థలు ఊళ్ళలో పనిచేశాయి. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం అనే ఏడు కరువు జిల్లాలను ఎంచుకున్నారు. మన గుంటూరు జిల్లా అందులో లేదు. అయితే మనకు ఒక పక్క ప్రకాశం, కృష్ణ దాటితే నల్గొండ. మన నేలలూ మన కష్టాలూ వాళ్ళవే.

ఆరు వందలకు పైగా ఊళ్ళలో రైతులు కమిటీలుగా ఏర్పడ్డారు. ఆ కమిటీల్లో మగవాళ్ళతో పాటు ఆడవాళ్ళూ ఉన్నారు. రెండు వేలకు పైగా బోర్లను పరిశీలన బోర్లుగా పెట్టుకున్నారు. దాదాపు రెండు వందల వర్షమాపకాలు నిలబెట్టారు. వాన పడిన రోజున వాన కొలిచేవారు. పదిహేను రోజులకోసారి బోర్లలో నీటి మట్టం కొలిచేవారు. ఆ అంకెలను ఊరి మధ్య గోడబోర్డు మీద అందరూ చూసేలా రాసేవారు. బడి ముఖం సరిగా చూడని రైతులు కూడా తమ ఊరి నీటి మట్టం ఎన్ని మీటర్లో చెప్పగలిగేవారు.

పద్ధతి చాలా సులువు. నీటి మట్టం కొలవడానికి కొలతలు గుర్తించిన తీగ ఉంటుంది. బోరులోకి దించితే కొస నీటికి తగలగానే పైన బీప్ శబ్దం వస్తుంది. అక్కడ ఎన్ని మీటర్లుందో చూసి రాయాలి. మోటారు ఎంత పోస్తుందో తెలుసుకోవడానికి డ్రమ్ము, గడియారం చాలు. 200 లీటర్ల డ్రమ్ము 100 సెకన్లలో నిండితే ఆ బోరు సెకనుకు 2 లీటర్లు పోస్తున్నట్లు.

లెక్క ఇలా వేస్తారు

తమ్ముళ్ళారా, ఇక్కడ కొంచెం ఎనిమిదో తరగతి గణితం కావాలి. భయపడకండి.

ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. కాబట్టి ఎకరం చేలో 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే 40,470 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది తెచ్చి పోసినట్లు!

అదంతా భూమిలోకి దిగదు. కొంత వాగులో పడి పోతుంది, కొంత ఎండకు ఆవిరవుతుంది, కొంత పైరు తాగుతుంది. గట్టి రాతి నేలల్లో కురిసిన వానలో పది శాతం అటూ ఇటూగా మాత్రమే భూగర్భ జలమవుతుంది. అంటే ఆ ఎకరం కింద చేరింది దాదాపు 4,047 లీటర్లు.

ఇప్పుడు పైన చెప్పిన బోరును చూడండి. సెకనుకు 2 లీటర్ల చొప్పున రోజుకు తొమ్మిది గంటలు ఆడితే 64,800 లీటర్లు తోడుతుంది. పది మిల్లీమీటర్ల మంచి వాన పదహారు ఎకరాల కింద దాచిన నీటిని ఒక్క బోరు ఒక్క రోజులో తోడేస్తుందన్నమాట. ఈ లెక్క వేసినప్పుడు నేను చాలాసేపు పెన్ను పక్కన పెట్టేశాను. మా మూడో బోరు ఎందుకు ఎండిందో నాకు ఆరోజు అర్థమయింది.

ఆ పథకంలోని రైతులు ఏటా వానాకాలం అయ్యాక రబీకి ముందు ఒకచోట కూర్చుని ఈ లెక్కే ఊరంతటికీ వేసేవారు. దీన్ని పంట నీటి బడ్జెట్ అంటారు. ఇంట్లో జీతం డబ్బులు చూసుకుని ఖర్చులు రాసుకున్నట్లే ఇది కూడా. ఉదాహరణకు, కేవలం లెక్క కోసం, వెయ్యి ఎకరాల ఒక చిన్న ప్రాంతంలో ఆ ఏడు 700 మిల్లీమీటర్లు కురిసిందనుకుందాం. పది శాతం ఇంకితే 70 మిల్లీమీటర్లు. తాగడానికి, గొడ్లకు పది తీసి పక్కన పెడితే మిగిలింది 60. వరికి పంటకాలంలో 1,200 మిల్లీమీటర్ల దాకా కావాలి. ఆ నీటితో బోర్ల కింద 50 ఎకరాల వరి మాత్రమే పండుతుంది. అదే 300 మిల్లీమీటర్లతో సరిపెట్టుకునే శనగ వేస్తే 200 ఎకరాలు పండుతుంది. యాభై ఎకరాలా, రెండు వందల ఎకరాలా అనేది రైతులే తేల్చుకోవాలి.

గొప్ప విషయం ఏమిటంటే, ఆ పథకంలో ఎవరి మీదా జరిమానా లేదు, వరి వేయవద్దని హుకుం లేదు, మానితే ఇంత ఇస్తామన్న ఆశా లేదు. అంకెలు బోర్డు మీద ఉండేవి, నిర్ణయం ఎవరికి వారిదే. అప్పటికి 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు కూడా ఉంది. నీళ్ళు ఎంత తోడినా బిల్లు రాదు. అయినా 2010లో వెలువడిన ప్రపంచ బ్యాంకు నివేదిక ప్రకారం ఆ పథకం జరిగిన ప్రాంతాల్లో 42 శాతం చోట్ల రబీలో తోడే నీరు వరుసగా మూడేళ్ళు తగ్గింది. మరికొన్ని చోట్ల అప్పుడప్పుడు తగ్గింది. కళ్ళెదుట లెక్క ఉంటే మనిషి మారతాడనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ తర్వాత

ఇక్కడితో ఆపితే మీకు సగమే చెప్పినట్లవుతుంది. పథకం కాలం అయిపోయింది, డబ్బులు ఆగిపోయాయి. తర్వాత కొందరు పరిశోధకులు ఆ ఊళ్ళకు మళ్ళీ వెళ్ళి చూస్తే చాలాచోట్ల కొలతలు ఆగిపోయాయి. పరికరాలు పాడైతే బాగు చేయించేవాళ్ళు లేరు. బడ్జెట్ లెక్కలు వేసే సమావేశాలూ తగ్గిపోయాయి.

దీన్ని బట్టి ఆ పని వృథా అనుకోకూడదు. అయితే ఒక పాఠం ఉంది. పైనుంచి వచ్చిన డబ్బుతో మొదలైన పని, పరికరం రిపేరుకు వచ్చేసరికి ఆగిపోకుండా ఉండాలంటే ఆ పరికరం మన చేతిలో తయారయ్యేదిగా ఉండాలి, పుస్తకం మన దగ్గర ఉండాలి, ఒకరు వెళ్ళిపోతే మరొకరు అందుకోవాలి. ఆలోచించండి, మన హాస్టల్ లాంటి చోటు అందుకు ఎంత అనువైనదో. ఇక్కడ ఏటా పదో తరగతి వాళ్ళు వెళ్ళిపోతారు, ఏటా కొత్తవాళ్ళు వస్తారు. హాస్టల్ మాత్రం ఎక్కడికీ పోదు.

సున్నా వేరు, ఖాళీ వేరు

ఇప్పుడు నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. మీరు నాలా చేయకూడదని రాస్తున్నాను.

డిగ్రీ చివరి సంవత్సరంలో మా లెక్చరరు గారు ఆరుగురం విద్యార్థులకు ఒక పని అప్పగించారు. పక్కనున్న ఒక ఊళ్ళో నాలుగు బోర్లు, ఒక వర్షమాపకం. వాన రోజూ ఉదయం చూడాలి, బోర్లు పదిహేను రోజులకోసారి కొలవాలి. జీతం లేదు, మార్కులూ లేవు. జనవరి వంతు నాది. సంక్రాంతికి అందరిలాగే నేనూ ఇంటికి వెళ్ళిపోయాను. తొమ్మిది రోజుల తర్వాత వచ్చి చూస్తే పుస్తకంలో తొమ్మిది గడులు ఖాళీగా ఉన్నాయి. సంక్రాంతికి వానేముంటుందిలే అనుకుని తొమ్మిది సున్నాలు చుట్టేశాను. బోరు మట్టాలు కూడా వెనకటి అంకెలకు కాస్త కలిపి రాసేశాను. పుస్తకం చక్కగా, నిండుగా కనిపించింది.

ఫిబ్రవరిలో ఆ ఊరి రచ్చబండ దగ్గర మా అంకెలు చదివి వినిపించాం. నా వంతు రాగానే జనవరి వాన "సున్నా" అని చదివాను. వెనక కూర్చున్న ఒక పెద్దాయన లేచాడు. "అదేంది అబ్బాయ్, భోగి ముందురోజు రాత్రి వాన పడలా? కల్లంలో నా మిర్చి తడిసి సగం తాలు అయింది. మీ పుస్తకంలో సున్నా ఉందా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆయన కోపంగా అనలేదు. "రేపు నష్టానికి దరఖాస్తు పెడితే మీ పుస్తకం చూసి వాన పడలేదంటారు గదా" అని నెమ్మదిగా అని కూర్చున్నాడు.

ఆరోజు రాత్రి నిద్ర పట్టలేదు. మా నాయన బోర్లు ఎండిపోయినప్పుడు లెక్క రాసేవాడు లేడని బాధపడినవాణ్ణి నేనే. తీరా రాసే పని నా చేతికి వస్తే దొంగలెక్క రాశాను. మర్నాడు లెక్చరరు గారి దగ్గరకు వెళ్ళి ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. ఆ తొమ్మిది సున్నాలను చదవడానికి వీలుగా ఒక్క గీతతో కొట్టించి, పక్కన నా చేత్తోనే "చూడలేదు" అని రాయించి, కింద సంతకం పెట్టించారు. "సున్నా అంటే చూశాను, వాన లేదు అని. ఖాళీ అంటే చూడలేదు అని. ఖాళీ వల్ల నష్టం లేదు, దొంగ సున్నా వల్ల పుస్తకం మొత్తం పోతుంది" అన్నారు. నా రెండేళ్ళ ఎమ్మెస్సీలో నేర్చుకున్న దానికన్నా ఆ మాట పెద్దది.

తర్వాతి వారం ఆ పెద్దాయన దగ్గరకు వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన నవ్వి, "సరేలే, ఇకనుంచి నువ్వు లేనప్పుడు నేను చూసి పెడతా, గీత ఎక్కడ చదవాలో చూపించు" అన్నాడు. ఆ ఊళ్ళో మా పుస్తకం ఆరోజు నుంచే ఊరి పుస్తకం అయింది.

కంటికి కనపడని విషం

నీళ్ళు ఎంత ఉన్నాయన్నది ఒకటైతే, ఎలాంటి నీళ్ళన్నది మరొకటి. మా నాయనమ్మ పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉండేవి. తాంబూలం వల్ల అనుకునేదాన్ని అని మా అక్క కూడా అంటుంది. అది ఫ్లోరైడ్ అని నాకు ఇంటర్‌లో తెలిసింది.

మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి శాస్త్రీయంగా మొదట వెల్లడైంది మనకు దగ్గరలోనే. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో వైద్యులు దీన్ని గుర్తించారు. మన వినుకొండ, బొల్లాపల్లి ప్రాంతాలకూ ఈ బాధ ఉంది. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీటి వసతి లేకపోతే 1.5 వరకు అనుమతించవచ్చని మన దేశ ప్రమాణం చెబుతోంది. ఎక్కువైతే చిన్నపిల్లల్లో చిగురించే పళ్ళ మీద మచ్చలు, ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోవడం జరుగుతుంది. దీనికి రంగు, రుచి, వాసన లేవు. ఇంకో ముఖ్యమైన విషయం: నీళ్ళు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఫ్లోరైడ్ మిగిలి ఇంకాస్త చిక్కబడుతుంది.

పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో కూడా ఫ్లోరైడ్ వేరువేరుగా ఉండవచ్చు. అందుకే ఊరికి ఒక్క పరీక్ష సరిపోదు. ఇక్కడే జనం సాయం కావాలి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో ప్రతి ఊళ్ళో ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇచ్చి కిట్లు ఇవ్వాలన్న ఏర్పాటు ఉంది. పరీక్షనాళికలో నీళ్ళు తీసుకుని ద్రావకం కలిపితే రంగు మారుతుంది, ఆ రంగును కార్డు మీది రంగులతో పోల్చి అంకె రాయాలి. పదో తరగతి రసాయన శాస్త్రం ప్రాక్టికల్ కన్నా సులువు. మీ అమ్మో, అక్కో ఆ ఐదుగురిలో ఉన్నారేమో పంచాయతీలో అడగండి. కిట్టులో ఎక్కువ చూపిస్తే అంతటితో ప్రచారం చేయకుండా నీళ్ళను లేబొరేటరీకి పంపించి ఖాయం చేసుకోవాలి. కిట్టు హెచ్చరిక మాత్రమే, తుది మాట లేబొరేటరీది.

పక్షులు, చెట్లు

నీళ్ళ మీద ఆసక్తి లేనివాళ్ళు పక్షుల లెక్కలో చేరవచ్చు. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది, ఇది 1987 నుంచి ఉంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా పెరటి పక్షుల లెక్క ఉంటుంది, మన దేశం 2013 నుంచి అందులో పాల్గొంటోంది. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి ఏ పక్షి ఎన్ని ఉన్నాయో రాస్తే చాలు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు చూశారా? పెలికన్లు, కొంగలు వేల సంఖ్యలో వచ్చి గుడ్లు పెడతాయి. ఆ ఊరివాళ్ళు తమ చెరువును పక్షులకు వదిలిపెట్టి కాపాడుకుంటున్నారు. మన మాచర్ల అవతల నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో పులి అడుగు చూసి చెప్పగల చెంచుల జ్ఞానం అటవీ శాఖకే ఆధారం. వాళ్ళకు ఎవరూ డిగ్రీ ఇవ్వలేదు.

చెట్ల కోసం సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది. ఒక వేపచెట్టునో, చింతచెట్టునో ఎంచుకుని వారానికోసారి చిగురు, పువ్వు, కాయ ఉన్నాయా అని రాయాలి. ఎండలు మారితే పూత కాలం ఎలా మారుతుందో పదేళ్ళ పుస్తకం చెబుతుంది.

మన హాస్టల్లో మొదలుపెట్టేది ఎలా?

వార్డెన్ గారి అనుమతి తీసుకుని వచ్చే జూన్ నాటికి ఈ పనులు మొదలుపెట్టవచ్చని నా సలహా.

1. నిలువుగా, గోడలు సమంగా ఉన్న రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా తీసుకోండి. పై భాగం కోసి తలకిందులుగా గరాటులా అమర్చండి. అడుగున గులకరాళ్ళు వేసి, అవి మునిగేదాకా నీళ్ళు పోసి, ఆ గీతను సున్నాగా గుర్తించండి. అక్కడినుంచి స్కేలుతో మిల్లీమీటర్లు గీయండి. వర్షమాపకం తయారు!

2. దాన్ని చెట్టు కింద, గోడ పక్కన పెట్టవద్దు. గోడ ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో, గాలికి పడిపోకుండా ఇటుకల మధ్య పెట్టండి.

3. రోజూ ఉదయం 8.30 గంటలకు చూడండి. దేశమంతటా వాతావరణ శాఖ వాన లెక్క తీసుకునేది ఆ సమయానికే. అంకె రాశాక ఎక్కువైన నీళ్ళు పారబోసి మళ్ళీ సున్నా గీతకు తెండి.

4. ఒక గట్టి అట్ట పుస్తకం పెట్టండి. తేదీ, సమయం, అంకె, చూసినవాళ్ళ పేరు. వారానికి ఇద్దరు చొప్పున వంతులు వేసుకోండి. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు ఉంటారు. సెలవుల్లో చూసే దిక్కు లేకపోతే "చూడలేదు" అని రాయండి. సిగ్గుపడవద్దు.

5. నెలకొకసారి మొత్తం కూడి నోటీసు బోర్డు మీద పెట్టండి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊరి బోర్లలో ఎన్ని పోస్తున్నాయి, ఎన్ని ఎండాయి అని అడిగి రాసుకురండి. మనం ఎన్ని ఊళ్ళ నుంచి వచ్చామో అన్ని ఊళ్ళ వివరాలు ఒకచోట చేరతాయి.

ఒక హెచ్చరిక. ఎవరూ బావుల్లోకి దిగవద్దు. మూత లేని పాత బోరు గుంత కనిపిస్తే కొలవడానికి వంగవద్దు, వెంటనే పెద్దలకు చెప్పి మూయించండి. ఆ గుంతల్లో పసిపిల్లలు పడిన వార్తలు మనం చాలా చదివాం. నీటి మట్టం కొలిచే పని పెద్దవాళ్ళు తోడుంటేనే చేయాలి.

చివరిగా

దీనివల్ల మనకేం వస్తుంది అని మీరు అడగవచ్చు. ఉద్యోగం వస్తుందని నేను అబద్ధం చెప్పను. మన ఊరి గురించి ఎక్కడో గదిలో కూర్చుని రాసే నివేదికల్లో మన ఊరి అంకె ఒకటి ఉంటుంది, అది మనం కొలిచినదై ఉంటుంది. మన తాతలు వేరేవాళ్ళు రాసిన లెక్కకు వేలిముద్ర వేశారు. మన నాయనలు అర్థం కాని కాగితాల మీద సంతకం పెట్టారు. మనం లెక్క రాయగలిగిన తరం. అది మనకు ఈ హాస్టల్ ఇచ్చింది.

పోయిన దసరాకు ఇంటికి వెళ్ళినప్పుడు మా నాయన నాలుగో బోరు మాట ఎత్తాడు. ఇద్దరం కూర్చుని పైన చెప్పిన లెక్కే మా చేనుకు వేశాం. చుట్టుపక్కల ఏడు బోర్లను తనే తిరిగి అడిగి వచ్చాడు. నాలుగింటిలో నీళ్ళు లేవు. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఈ ఏడు శనగే వేద్దాంలేరా" అన్నాడు. పైరు ఎలా ఉంటుందో ఇంకా చూడాలి. కానీ మా ఇంట్లో కొబ్బరికాయ బదులు కాగితం చూసి తీసుకున్న మొదటి నిర్ణయం అది.

తమ్ముళ్ళారా, పాత మిత్రులారా! జూన్‌లో మొదటి చినుకు పడేలోపు ఆ సీసా కోసి సిద్ధంగా పెట్టండి. వర్షమాపకం పుస్తకం మొదటి పేజీలో నా పేరు కూడా వంతుల్లో వేయండి. సెలవుల్లో వచ్చి నా వారం నేను చూస్తాను. ఈసారి దొంగ సున్నాలు రాయనని మాట ఇస్తున్నాను.

- పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (పర్యావరణ శాస్త్రం)